మే నెల దగ్గర ఆగిపోయిన క్యాలెండర్

ప్రశ్న:

నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు నీటిరంగులతో బొమ్మలు వేస్తుంటాను. కిందటేడు సొంతంగా ఒక గోడ క్యాలెండర్ చేసి దగ్గరివాళ్లకు ఇవ్వాలనుకున్నాను. జనవరికి పిట్ట, ఫిబ్రవరికి పడవ, మార్చికి పాత తలుపు, ఏప్రిల్‌కి పిల్లి, మేకి మా కిటికీలోంచి కనిపించే చెట్టు వేశాను. బొమ్మలు చూసినవాళ్లందరికీ నచ్చాయి. కానీ కింద తేదీలు రాయబోతే చోటు చాలలేదు. ఇరికించి రాస్తే వంకరటింకరగా వచ్చాయి. అయిదింటినీ పక్కపక్కన పెడితే అయిదుగురు వేరువేరు మనుషులు వేసినట్టు ఉంది. అక్కడితో ఆపేశాను. ఇప్పుడు 2027కి మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. ఏ కాగితం, ఏ రంగులు వాడాలి? తేదీలు చేత్తోనే రాయాలా? ప్రింట్ తీయిస్తే దాన్ని చేత్తో చేసిందని చెప్పుకోవచ్చా? అసలు అందరి చేతిలో ఫోన్ ఉన్న రోజుల్లో ఇంత టెన్షన్ అవసరమా?

— మేలో ఆగిపోయిన పాఠకురాలు

జవాబు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దాని జవాబు చిన్నది కాబట్టి. తేదీ తెలుసుకోవడానికైతే అవసరం లేదు. ఆ పని ఫోన్ బాగానే చేస్తుంది. కానీ మీ బొమ్మను ఒక మనిషి నెల పొడుగునా, రోజుకు నాలుగైదు సార్లు, తల దువ్వుకుంటూనో తాళంచెవులు వెతుక్కుంటూనో చూడటం అన్నది క్యాలెండర్‌తో తప్ప జరగదు. ప్రదర్శనల్లో ఒక్కో బొమ్మ ముందు జనం ఎంతసేపు నిలబడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం చదవగానే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. "కింద తేదీలు రాయబోతే చోటు చాలలేదు" అన్నారు. అంటే బొమ్మ పూర్తిచేశాక తేదీలకు చోటు వెతికారన్నమాట. బొమ్మలు వేసేవాళ్లం అందరం మొదటిసారి ఇదే చేస్తాం. బొమ్మ మనకిష్టమైన పని, గళ్లు గీయడం చాకిరీ. ఇష్టమైనది ముందు చేసేస్తాం, చాకిరీకి మిగిలిన చోటు పడేస్తాం. అలా చేస్తే వచ్చేది కింద అంకెలున్న బొమ్మ. దాన్ని క్యాలెండర్ అనలేం.

క్యాలెండర్ అన్న మాట లాటిన్‌లోని కలెండేరియం నుంచి వచ్చింది. దాని అర్థం అప్పుల పద్దు పుస్తకం. రోమన్లకు నెలలో మొదటి రోజు పేరు కలెండే, బాకీలు, వడ్డీలు కట్టాల్సిన రోజు అది. పుట్టుకతోనే ఇది లెక్కల వస్తువు. ఇంట్లో వాళ్లు దానిమీద డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు రాసుకుంటారు, ఫీజు కట్టాల్సిన తేదీకి సున్నా చుడతారు. ఆ సున్నా చుట్టడానికి చోటు లేకపోతే మీ పిట్ట ఎంత బాగున్నా ఆ క్యాలెండర్ వాడరు. బొమ్మ మనది, గళ్లు వాళ్లవి. ముందు వాళ్ల భాగం తీసి పక్కన పెట్టండి, మిగిలిన చోటే మీ బొమ్మకు.

ఎంత చోటు అన్నది కొలిచి చూద్దాం. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అటూ ఇటూ పదేసి వదిలితే 190 మిగులుతుంది. ఏడుతో భాగిస్తే ఒక్కో గడి 27 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. అందులో రెండు చిన్న మాటలు పడతాయి. అదే ఏ5కి దిగితే కాగితం వెడల్పు 148, గడి 18 మిల్లీమీటర్లే. అందులో ఏమీ రాయలేం, సున్నా చుట్టగలం అంతే. కాబట్టి ఏ5 అయితే రాసుకునే క్యాలెండర్ అన్న ఆశ వదిలేసి, బల్లమీద పెట్టుకుని చూసుకునేదిగా చేయండి. రెండూ కుదర్చాలని చూస్తే రెండూ చెడతాయి.

ఏ4 నిలువు పేజీ ఎత్తు 297. పైన తీగ బైండింగ్‌కి, రంధ్రాలకు 12 పోతుంది. బొమ్మకు 150 ఇవ్వండి. నెల పేరుకూ వారాల పేర్లకూ కలిపి 25. ఒక్కోటి 15 చొప్పున ఆరు వరసలకు 90. మొత్తం 277. అడుగున 20 ఖాళీ. ఇదే లెక్క పట్టుకోమని కాదు. ఇలాంటి లెక్క ఒకటి రంగుల డబ్బా తెరవకముందే కాగితం మీద ఉండాలి.

ఆరు వరసలా, నెలకు అయిదు వారాలే కదా అంటారేమో. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. 2027 జనవరి 1 శుక్రవారం. వారాన్ని ఆదివారంతో మొదలుపెడితే ఆ ఏడు జనవరి, మే, అక్టోబర్ నెలలు ఆరో వరసలోకి దిగుతాయి. మిగతా తొమ్మిదికీ అయిదు చాలు. సోమవారంతో మొదలుపెడితే లెక్క మారుతుంది. అప్పుడు ఆరు వరసలు కావాల్సినవి మే, ఆగస్టు. ఫిబ్రవరి మాత్రం సోమవారం మొదలై ఆదివారం ముగిసి సరిగ్గా నాలుగు వరసల్లో, ఒక్క ఖాళీ గడి లేకుండా కూర్చుంటుంది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! సోమవారంతో మొదలయ్యేది అంతర్జాతీయ ప్రమాణం. ఆదివారంతో మొదలయ్యే పట్టికలకు అలవాటుపడ్డవాళ్లు కూడా చాలామంది. మీరు ఇవ్వబోయేవాళ్లకు ఏది అలవాటో అదే పెట్టండి. ఇందులో మాత్రం కొత్తదనం వద్దు. అలవాటైన కన్ను గడి చోటు చూసి వారం పోల్చుకుంటుంది, పేరు చదవదు. మీరు వరస మార్చితే పాపం వాళ్లు శనివారం పని ఆదివారానికి రాసుకుంటారు.

ఆరో వరస తప్పించుకోవడానికి 24, 31 రెండింటినీ ఒకే గడిలో గీత పెట్టి ఇరికించే పద్ధతి ఒకటుంది. నాకు నచ్చదు. ఆ ఒక్క ఆదివారం పుట్టినవాళ్లు ఏం పాపం చేశారు? అన్ని నెలలకూ ఆరు వరసల చోటు ఉంచండి. వాడని వరస ఖాళీగా వదిలేయండి, లేదా బొమ్మలోని గడ్డిపరక ఒకటి కిందికి దింపండి.

తేదీలు చేత్తో రాయాలా అని అడిగారు. రాయండి, కానీ 365 రోజులూ కూర్చుని రాయకండి. నేనొకసారి లెక్కపెట్టాను. మామూలు సంవత్సరంలో ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా పన్నెండు నెలలకూ కలిపి 622 అంకెలు రాయాలి. ఇరవై ప్రతులంటే పన్నెండు వేలు దాటుతాయి. ఎవరి చేతికైనా మూడో నెలకే విసుగు పుడుతుంది, ఆ విసుగు అంకెల్లో కనిపిస్తుంది. అందుకని ఒక మంచి రోజు చూసుకుని, చెయ్యి కుదురుగా ఉన్నప్పుడు, 1 నుంచి 31 దాకా కాస్త పెద్దగా ఒక్క కాగితం మీద రాయండి. ఒక్కో అంకె నాలుగైదు సార్లు రాసి బాగున్నది ఏరుకోండి. దాన్ని స్కాన్ చేసి ప్రతి నెలకూ అవే వాడుకోవచ్చు. రాత మీదే, ఓపిక కంప్యూటర్‌ది.

కంప్యూటర్ ముట్టుకోను అంటారా, పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరు మీద అంకెలు చెక్కి స్టాంపుల్లా కొట్టుకోవచ్చు. అంకెల్ని తిరగేసి చెక్కాలని మర్చిపోకండి. 0కీ 8కీ ఆ బాధ లేదు, తిరగేసినా అవే. 6 చెక్కితే దాన్నే తలకిందులుగా పట్టుకుని 9 కొట్టుకోవచ్చు కాబట్టి తొమ్మిది ముక్కలతో పని అయిపోతుంది. స్టాంపు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడుతుంది. ఆ హెచ్చుతగ్గులే దాని అందం. దిద్దడానికి పోవద్దు.

నెలల పేర్లు తెలుగులో రాస్తారనే అనుకుంటున్నాను. అలాగైతే ఒక్క జాగ్రత్త. డిసెంబర్, నవంబర్, జూన్ గీత మీద బుద్ధిగా నిలబడతాయి. సెప్టెంబర్, అక్టోబర్ కిందికి ట వత్తు దింపుతాయి. మార్చికి చ వత్తు, జులైకి ఐత్వం, ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ క్రావడి. వత్తు లేని నెల చూసి కింద చోటు తక్కువ పెట్టుకున్నారంటే సెప్టెంబర్ వచ్చేసరికి ట వత్తు వారాల పేర్ల నెత్తిన పడుతుంది. కొలత ఎప్పుడూ సెప్టెంబర్‌తోనే తీసుకోండి. తలకట్టుకు ఒకటి, అక్షరం అడుగుకు ఒకటి, వత్తు అడుగుకు ఒకటి, పైన గుడి, పొల్లు కోసం ఇంకొకటి. నాలుగు పెన్సిల్ గీతలు లేకుండా తెలుగు అక్షరం అందంగా కూర్చోదు. మీ రాత వంకరటింకరగా వచ్చిందని బాధపడ్డారు. చెయ్యి బాగోలేక కాదు, బహుశా గీతలు గీసుకోలేదు. వారాల పేర్లు ఆది, సోమ, మంగళ అని పొట్టిగా చాలు. వాటిలో శుక్ర ఒక్కటే కాస్త చోటడుగుతుంది.

తప్పుల గురించి కూడా చెప్పాలి. ఒక ఏడు నేను సెప్టెంబర్‌లో 17 రెండుసార్లు వేశాను. ఆ తర్వాతి తేదీలన్నీ ఒక్కో గడి జరిగిపోయాయి. నలభై ప్రతులు అచ్చయ్యాక చూసుకున్నాను. బొమ్మ వంక వందసార్లు చూసినదాన్ని, తేదీల వంక ఒక్కసారీ చూడలేదు. చివరికి సరైన గళ్లు నలభై ముక్కలు వేరే రంగు కాగితం మీద వేయించి, కత్తిరించి, తప్పు పట్టిక మీద అతికించాను. చూసినవాళ్లు అది కావాలని చేసిన డిజైన్ అనుకుని మెచ్చుకున్నారు. నేను దిద్దలేదు.

అప్పట్నుంచి రెండు పనులు చేస్తున్నాను. తేదీల్ని వెనక నుంచి ముందుకు, 31 నుంచి 1కి చదువుతాను. ముందునుంచి చదివితే మెదడు లేనిదాన్ని కూడా ఉన్నట్టు చదివేస్తుంది. రెండోది, పాత క్యాలెండర్‌తో పోల్చుకుంటాను. క్యాలెండర్లు మొత్తం పద్నాలుగు రకాలే. ఏడు వారాల్లో ఒక్కోదానితో మొదలయ్యే మామూలు సంవత్సరాలు ఏడు, లీపు సంవత్సరాలు ఏడు. 2027 అచ్చంగా 2021లాగే ఉంటుంది, 2010లాగా కూడా. ఇంట్లో 2021ది ఎక్కడైనా అటక మీద దొరికితే దించి పక్కన పెట్టుకోండి. అన్నట్టు మీది కూడా పారేయకుండా దాచినవాళ్లకు 2038లో మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు బొమ్మలు. పిట్ట, పడవ, తలుపు, పిల్లి, చెట్టు. ఒక్కోటి విడిగా బాగానే ఉండి ఉంటాయి, కానీ వాటికి ఒకదానితో ఒకటి మాట లేదు. క్యాలెండర్ అంటే పన్నెండు మంచి బొమ్మలు అనుకున్నంత కాలం ఈ ఇబ్బంది తప్పదు. పన్నెండుసార్లు ఒకే బొమ్మ వేస్తున్నాననుకోండి. ఒక నియమం పెట్టుకుని, దాన్ని దాటకుండా, ఆ లోపల ఎంతైనా ఆడుకోండి. నియమం ఏదైనా కావచ్చు. పన్నెండు బొమ్మల్లోనూ నేల గీత ఒకే ఎత్తులో ఉండటం ఒక నియమం. మూడే రంగులు వాడి వాటిలో ఒకదాన్ని నెలనెలా మార్చడం ఇంకొకటి. నాకు ఎంతో ఇష్టమైనది ఇంకోటుంది. ఒకే పొడవాటి దృశ్యాన్ని పన్నెండు ముక్కలు చేయడం. జనవరి కుడి అంచున సగం కనిపించిన కొండ ఫిబ్రవరి ఎడమ అంచున పూర్తవుతుంది. ఏ4 పేజీలు పన్నెండూ పక్కపక్కన పరిస్తే రెండున్నర మీటర్ల బొమ్మ. ఏడాది అయ్యాక ఎవరైనా కత్తిరించి గోడ పొడుగునా అతికించుకుంటారు.

కానీ మీకు నియమం నేను వెతకక్కర్లేదు. మీరే వేసి, చూసుకోకుండా వదిలేశారు. ఆ అయిదింట్లో మే నెలది, కిటికీలోంచి కనిపించే చెట్టు. అదే కిటికీ, అదే చట్రం, అదే చెట్టు, పన్నెండు నెలలు. కిటికీ అంచు ఎక్కడా కదలకూడదు. పేజీ తిప్పితే చట్రం మీద చట్రం పడాలి. లోపల మాత్రం ఆకు, వెలుగు, తీగమీద ఆరేసిన బట్ట, మబ్బు, కింద నడిచే మనిషి అన్నీ మారొచ్చు. ఆ పిట్టా పిల్లీ కూడా వృథా పోవు. పిట్ట కొమ్మ మీదికీ, పిల్లి కిటికీ గడప మీదికీ వచ్చి చేరతాయి.

ఇంకో సంగతి. ఒక బొమ్మ ఒకసారి చూడగానే మొత్తం చెప్పేస్తే ముప్ఫై రోజులు గోడమీద ఏం చేస్తుంది? మొదటి రోజు బాగుండే బొమ్మ వేరు, ఇరవయ్యో రోజు కూడా బాగుండే బొమ్మ వేరు. రెండోదానిలో ఏదో ఒకటి దాగి ఉండాలి. ఇందులో జపాన్ వాళ్లను మించినవాళ్లు లేరు. అక్కడ చాంద్రమానం నడిచే రోజుల్లో కొన్ని నెలలకు 30 రోజులు, కొన్నింటికి 29. ఏవి పెద్దవో ఏవి చిన్నవో ఏటా మారేది, అది తెలియకపోతే లావాదేవీలు సాగవు. క్యాలెండర్ అచ్చువేసే హక్కేమో అనుమతి ఉన్న కొద్దిమందిదే. అందుకని సరదా గల జనం బొమ్మలు వేయించుకుని, ఆ నెలల అంకెల్ని ఆడవాళ్ల దుస్తుల మీది నమూనాల్లో దాచి, ఒకరికొకరు పంచుకునేవాళ్లు. వెతుక్కున్నవాళ్లకే క్యాలెండర్, మిగతావాళ్లకు ఉత్త బొమ్మ. 1765లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఈ సరదా పోటీగా మారింది. నాదాని కంటే నీది బాగుందా అని రంగుకొక చెక్క దిమ్మ చొప్పున పెంచుకుంటూ పోయారు. సుజుకి హరునోబు అనే చిత్రకారుడు వాళ్లకు బొమ్మలు గీశాడు. జపాన్ పేరు మోసిన బహువర్ణ అచ్చు బొమ్మలు ఆ క్యాలెండర్ల పోటీలోంచే పుట్టాయి.

మీరూ అలాంటిదొకటి పెట్టండి. జనవరిలో ఒక చీమ, ఫిబ్రవరిలో రెండు, డిసెంబర్‌కి పన్నెండు, ఒక్కోటి ఒక్కోచోట. ఎవరికీ చెప్పకండి. ఏ మార్చిలోనో ఒక పిల్ల కనిపెడుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నెల మారిన రోజు పేజీ తిప్పేది ఆ పిల్లే.

వేసే వరస గురించి నాకో పట్టుదల ఉంది. జనవరితో మొదలుపెట్టకండి. మొదటి బొమ్మ వేసేటప్పటికి చేతికి ఇంకా దారి తెలియదు. నాలుగోదో అయిదోదో వచ్చేసరికి కుదురుతుంది. జనవరితో మొదలుపెడితే మీ అన్నింట్లోకీ బలహీనమైన బొమ్మ అందరూ ముందుగా చూసేదవుతుంది. మధ్య నెలలతో మొదలుపెట్టి, జనవరి, డిసెంబర్, పైఅట్ట చివరికి ఉంచండి. అంతకంటే ముందు పన్నెండు అగ్గిపెట్టెలంత చిన్న గళ్లు ఒకే కాగితం మీద గీసి, ఒక్కోదానిలో ఆ నెల ముఖ్యమైన రంగు, వెలుగు ఎటునుంచి పడుతుందో అంతే వేసి చూసుకోండి. మూడు నెలలు వరసగా ఆకుపచ్చ వచ్చిందా, ఒకదాన్ని సాయంత్రం చేసేయండి. పెద్ద కాగితం మీద దిద్దడం కంటే అగ్గిపెట్టెలో దిద్దడం తేలిక.

కాగితం, రంగుల విషయంలో మీకున్నంత దిగులు నాకు లేదు. అసలు బొమ్మకు 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే నీటిరంగుల కాగితం తీసుకుంటే తడికి ఉబ్బే బాధ తక్కువ. అంతకంటే పలచనిదైతే ముందు తడిపి, పలకకు బిగించి ఆరబెట్టి వాడాలి. గరుకు కాగితం మీద సన్నటి కలం అక్షరం పగులుతుంది. అక్షరాలు కూడా దాని మీదే రాసేటట్టయితే నునుపు రకం కావాలి. రంగు వెలిసిపోతుందన్న భయం ఒక్క నెల గోడ మీద ఉండే పేజీకి అక్కర్లేదు. అసలు బొమ్మల్ని తర్వాత చట్రం కట్టించి ఎవరికైనా ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం కళ్లు జిగేలుమనే గులాబీ రంగులనూ, మామూలు స్కెచ్ పెన్నులనూ దూరం పెట్టండి. అసలైన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు కూడా ఎండకు నిలవదు. ఆ జిగేలు గులాబీలతో ఇంకో చిక్కుంది. స్కానర్‌కి అవి సరిగా అందవు. అచ్చులో నీరసంగా వస్తాయి.

అచ్చు వేయించేది ఏ కాగితం మీద అన్నది ఇంతకంటే ముఖ్యం. మెరిసే కాగితం మీద బొమ్మ నిగనిగలాడుతుంది, కానీ దానిమీద పెన్సిల్ పడదు, జెల్ పెన్ను అలుముకుంటుంది. గళ్లలో ఏమీ రాసుకోలేని క్యాలెండర్ అవుతుంది, మళ్లీ మొదటికొస్తాం. మెరుపు పూత లేని కాగితం, 200 జీఎస్ఎం చుట్టుపక్కల, నమూనా ముక్క అడిగి తెచ్చుకోండి. దానిమీద ఇంట్లో ఉన్న పెన్నులన్నిటితో రాసి, వేలితో రుద్ది చూడండి. బల్లమీద నిలబెట్టేదైతే కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఆ వంపు గీత ఎటు సాగితే కాగితంలోని పోగు అటే ఉన్నట్టు. ఆ పోగు నిలువుగా ఉండేలా కోయించకపోతే నాలుగు రోజులకే పేజీ తల వాల్చేస్తుంది.

స్కాన్ అదే సైజుకైతే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రెట్టింపు చేయాలంటే 600. బొమ్మ కాగితం అంచుదాకా పోవాలంటే అంచు దాటి ఇంకో 3 మిల్లీమీటర్లు వేసి ఉంచాలి, కోతలో అది పోతుంది. చీమలు, అక్షరాలు అంచుకు కనీసం 5 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. తీగ రంధ్రాలు కూడా గుర్తుంచుకోండి. చెట్టు కొమ్మ మీద పిట్టను మరీ పైన కూర్చోబెడితే దాని తలలోంచి తీగ పోతుంది. నవ్వకండి, నేను చూశాను. తెర మీద కనిపించే మెరుపు నీలాలు, నారింజలు నాలుగు రంగుల అచ్చులో కాస్త చప్పబడతాయి. అందుకే మొత్తం వేయించే ముందు ఒక్క పేజీ వేయించి పగటి వెలుగులో చూడండి. తీగ వద్దనుకుని మధ్యలో పిన్ను కొట్టించేటట్టయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. నెలకు రెండు పేజీల చొప్పున 24, అట్టకు నాలుగు, మొత్తం 28 సరిపోతుంది.

ప్రింట్ తీయిస్తే చేత్తో చేసిందనొచ్చా? అనకండి. "చేత్తో వేసిన బొమ్మలతో అచ్చయిన క్యాలెండర్" అనండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, ఎవరూ వేలెత్తి చూపలేరు. చేత్తో చేసిందన్న మాట మీకు అంత ముఖ్యమైతే దారి ఉంది. లినోలియం అనే మెత్తటి పలక మీద గీసి చెక్కి, మీరే సిరా పూసి, మీరే ఒత్తి తీసిన ప్రతి ప్రతీ చేతిదే. కానీ పన్నెండు దిమ్మలు చెక్కడం, అక్షరాలు తిరగేసి చెక్కడం మొదటి ఏడాదే పెట్టుకోవద్దు. మధ్యేమార్గం కూడా ఒకటుంది. అచ్చు వేయించాక ప్రతి ప్రతిలోనూ ఒక్క చిన్నదాన్ని, కిటికీ గడప మీది పిల్లినో దాని కళ్లనో, చేత్తో రంగు వేసి ఇవ్వండి. ఇరవై ప్రతులకు పన్నెండేసి చొప్పున 240 పిల్లి కళ్ల జతలు. రెండు ఆదివారాల పని. తీసుకున్నవాళ్లు ముందు చూసేది అదే అవుతుంది.

సమయం. నవంబర్ మొదటి వారానికి ప్రతులు చేతిలో ఉండాలి. జనవరి దాటాక వచ్చిన క్యాలెండర్‌ని మొహమాటానికి తీసుకుంటారు తప్ప తగిలించరు. బొమ్మకు పది రోజులు అనుకుంటే పన్నెండింటికి నాలుగు నెలలు, గళ్లకూ అక్షరాలకూ ఒక నెల, స్కానింగ్, అచ్చు, తప్పులు దిద్దుకోవడం ఇంకో నెల. ఉద్యోగం కూడా ఉందన్నారు కాబట్టి ఇందులో ఏదో ఒకటి జారుతుంది. జారితే పన్నెండు పేజీలు పట్టుకుని వేలాడకండి. ఒకే పెద్ద కాగితం మీద మీ చెట్టు, దాని కింద పన్నెండు చిన్న పట్టికలు వేసి ఇచ్చేయండి. అదీ క్యాలెండరే.

అయిదు నెలలకే ఆపేశానని సిగ్గుపడుతూ రాశారు. ఐరోపాలో రంగుల క్యాలెండర్ అనగానే అందరూ చూపించేది 15వ శతాబ్దం మొదట్లో చిత్రకారులైన లింబర్గ్ సోదరులు ముగ్గురు, ఫ్రాన్స్‌లోని బెర్రీ ప్రభువు ప్రార్థనా పుస్తకంలో వేసిన నెలల బొమ్మలు. పైన సూర్యుడి రథం తిరిగే అర్ధవృత్తం, కింద ఆ నెలలో జనం చేసే పని. నేను చెప్పిన నియమం అంటే అదే, పన్నెండు పేజీల్లోనూ మారని చట్రం. ఆ క్యాలెండర్ కూడా వాళ్ల చేతిలో పూర్తి కాలేదు. 1416లో ముగ్గురు అన్నదమ్ములూ, వేయించుకున్న ప్రభువూ చనిపోయారు. నవంబర్ పేజీలోని దృశ్యాన్ని దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత ఝాన్ కొలోంబ్ అనే మరో చిత్రకారుడు వేశాడు. మీది ఒక్క ఏడాదే కదా ఆగింది.

ఈ ఆదివారం రంగులు తీయకండి. పెన్సిల్, స్కేలు, ఒక మామూలు తెల్ల కాగితం చాలు. 2027 మే నెల గళ్లు గీయండి. వారం ఆదివారంతో మొదలుపెట్టినా, సోమవారంతో మొదలుపెట్టినా ఆరు వరసలు అడిగే నెల ఆ ఏడాదిలో అదొక్కటే. 1వ తేదీ శనివారం. మే కుదిరితే మిగతా పదకొండూ అందులో ఇమిడిపోతాయి. గీసి, పైన చెట్టుకు ఖాళీ వదిలి, గోడకు అతికించి, రెండు మీటర్ల దూరం నుంచి తేదీలు చదవగలుగుతున్నారో లేదో చూడండి. ఒక వారం అక్కడే ఉంచి, ఇంట్లో వాళ్లెవరైనా దానిమీద ఏదైనా రాస్తారేమో కనిపెట్టండి.